రెండు దిండ్లు తక్కువ

నేను చూడని ఇంటిని లేదని చెప్పాను. అది అబద్ధం కిందికి వస్తుందా, రాదా అన్న అనుమానం ఏడేళ్ళు నాతోనే ఉంది. ఐదు పూటలా నమాజు చేసేవాడిని, తెలిసి అబద్ధం ఆడను. తెలియకుండా ఆడితే ఎవరి లెక్కలో పడుతుంది? ఒక శుక్రవారం మా మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ని అడిగాను.

"ఆ ఇల్లు నిజంగా లేదనుకో, అప్పుడేమిటి?" అన్నారాయన.

"అబద్ధం కాదు కదండీ."

"ఉందనుకో?"

నేను టోపీ తీసి మడత పెడుతున్నాను.

"అంటే ఉందో లేదో నీకు తెలియదు. తెలిసినట్టు చెప్పావు. అంతే కదా?" అని ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. అడిగినందుకు బరువు ఇంకాస్త పెరిగింది.

మాది విజయవాడ వన్‌టౌన్. మేం దూదేకులవాళ్ళం. పరుపులు, దిండ్లు కుట్టడం మా తాతల నాటి పని. నా చిన్నప్పుడు విల్లుతో ఏకేవాళ్ళు, నా చేతికి వచ్చేసరికి మిషను వచ్చింది. ఏడో తరగతి దాకా చదువుకుని దుకాణంలో కూర్చున్నాను. మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటి ఇప్పటికీ వదలలేదు. పరుపు మూతి కుట్టేసే ముందు లోపలివైపు ఒక మూల ఆకుపచ్చ దారంతో ఏడు కుట్లు వేస్తాను. ఒక్కో కుట్టుకీ ఒకసారి బిస్మిల్లా అనుకుంటాను. పడుకునేవాళ్ళకి తెలియదు. నేను గుడ్డమీద నుంచి తడిమితే గింజల వరసలా వేలికి తగులుతాయి.

1997 జూన్ నెలలో వెంకటకృష్ణారావు అనే ఆయన మా దుకాణానికి వచ్చాడు. ఆ ఎండలో కూడా మెడకి టై ఉంది. శీతలవనం హాలిడే క్లబ్బు అని కొత్తగా పెట్టారట, ఆయన మేనేజరు.

"అరకులో మాకు నాలుగు ఇళ్ళు ఉన్నాయండి. ఇంటికి మూడు మంచాలు. పన్నెండు పరుపులు కావాలి, ఇరవై నాలుగు దిండ్లు. దిండ్లు మాత్రం బూరుగు దూదితోనే చెయ్యాలి. మెంబర్లు పెద్దవాళ్ళు, మెడ పట్టేస్తే నన్నంటారు."

ధర చెప్పాను. బేరం ఆడలేదు. పెట్టె తెరిచి మొత్తం డబ్బు ఒక్కసారే ఇచ్చేశాడు. అడ్వాన్సు ఇచ్చేవాళ్ళని చూశాను, అప్పు పెట్టేవాళ్ళని రోజూ చూస్తాను. మొత్తం ముందే ఇచ్చేవాడిని మాత్రం అప్పటిదాకా చూడలేదు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ సుగ్రా లోపలి నుంచి వచ్చింది. "బేరం ఆడకుండా కొనేవాడి చేతిలో సొమ్ము తనది కాదేమో, చూసుకో," అంది.

పన్నెండు పరుపులూ ఇరవై రోజుల్లో అయ్యాయి. పన్నెండో దానికి అంచు గుడ్డ జానెడు తగ్గింది. సుగ్రా నీలం చారల ముక్క ఒకటి వెతికి అతుకు వేసింది. "కిందికి పెట్టుకుంటే కనపడదులే," అంది. దిండ్ల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. బూరుగు కాయ పగిలేది ఎండాకాలం మొదట్లో. జూన్ దాటితే పాత దూదే దిక్కు. నా దగ్గరున్నది ఇరవై రెండు దిండ్లకి సరిపోయింది. క్లబ్బు ఆఫీసుకి వెళ్ళి, మిగతా రెండూ కొత్త కాయ వచ్చాక కుట్టి ఇస్తానని చెప్పాను.

"రెండు దిండ్లకేముందండీ, మీ మాట చాలు," అన్నాడు వెంకటకృష్ణారావు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. అంత నచ్చినందుకే తర్వాత సిగ్గుపడ్డాను.

ఆగస్టులో బందరు రోడ్డు మీద ఒక హోటల్లో క్లబ్బువాళ్ళు మీటింగు పెట్టారు. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి రావాలి, వస్తే భోజనం, ఒక హాట్‌ప్యాక్ ఉచితం. మమ్మల్ని కూడా పిలిచారు. హాల్లో ముందువైపు ఒక మంచం వేసి, పరుపు పరిచి, పక్కన చెక్క కిటికీ బొమ్మ, దానిలో కొండల బొమ్మ పెట్టారు. సుగ్రా నా మోచేతి మీద గిల్లింది. "చూడు, మన అతుకు." కింది అంచున నీలం చారలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

వెంకటకృష్ణారావు మైకు పట్టుకున్నాడు. "మీరు కొంటున్నది ఇల్లు కాదండి. ఇంట్లో ఒక వారం. పదేళ్ళపాటు ప్రతి ఏడూ ఒక వారం ఆ ఇల్లు మీది. ఇరవై రెండు వేలు ఒక్కసారి కడితే మళ్ళీ అద్దె మాటే లేదు."

నాకు ఆగలేదు. లేచి అడిగాను. "వారం ఎలా అమ్ముతారండీ? రాబోయే ఏడు మనమెవరం ఉంటామో తెలియదు, ఆ వారం ఇప్పుడే ఎలా కొంటాం?"

హాల్లో నవ్వులు వచ్చాయి. "భాయీ, మీరు లేకపోతే మీ పిల్లలు వెళతారు," అన్నాడు ఆయన నవ్వుతూ. సుగ్రా నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "హాట్‌ప్యాక్ ఇచ్చాక అడగాల్సింది," అని గొణిగింది.

అక్టోబరులో పెడన నుంచి మల్లేశ్వరరావు గారు ఫోను చేశారు. ఆయన గురించి చెప్పాలి. దేవాంగులు, సొంత మగ్గాలు రెండు. పరుపులకి పనికొచ్చే ముతక చారల గుడ్డ నేయించి ఇరవై ఏళ్ళుగా మాకు పంపేవారు. వ్యాపారం అనుకుని మొదలైంది, తర్వాత ఆయన నాకు బావగారు, ఆయన భార్య చౌడేశ్వరమ్మ అక్కయ్య అయిపోయారు. మా పీర్ల పండుగకి ఆవిడ బెల్లం పంపుతుంది, వాళ్ళ అమ్మవారి జాతరకి నేను దూది వత్తులు పంపుతాను.

"ఉయ్యూరులో ఆ క్లబ్బు మీటింగు ఉందట కాశిం. మా తోడల్లుడు పిలిచాడు. వాళ్ళకి పరుపులిచ్చింది నువ్వేనట కదా? నువ్వూ రా, కాస్త ధైర్యంగా ఉంటుంది."

వెళ్ళాను. ఉయ్యూరులో ఒక ఫంక్షన్ హాలు. అదే మంచం, అదే కిటికీ బొమ్మ, అదే నీలం అతుకు. భోజనాల వేళ ఎవరూ చూడకుండా వెళ్ళి మూల తడిమాను. ఏడు కుట్లు వేలికి తగిలాయి.

అక్కయ్య మంచం పక్కనే నిలబడి పరుపుని అరచేత్తో నొక్కి చూస్తోంది.

"నాకు యాభై నాలుగేళ్ళు తమ్ముడూ. ఏ ఊరెళ్ళినా చుట్టాలిల్లే. పెళ్ళికో, పురుటికో, పోయినవాళ్ళ పలకరింపుకో. దిగిన పది నిమిషాలకి కొంగు బిగించి వంటింట్లోకి వెళ్ళాల్సిందే. ఎవరికీ చుట్టాన్ని కాని ఇంట్లో ఒక్క వారం ఉండాలని ఉంది."

"అక్కడ ఏం చేస్తావే?" అన్నారు బావగారు.

"పడుకుంటాను."

"ఏడు రోజులా?"

"ఏడు రోజులూ. డబ్బు ముందే కట్టేశాక మొహమాటం ఎవరితో?"

బావగారు నన్ను పక్కకి తీసుకెళ్ళారు. "ఒక మగ్గం అమ్మిన డబ్బుంది. దీనికి పెడదామని ఆవిడ మనసు. నిజం చెప్పు, ఇళ్ళున్నాయా?"

ఇళ్ళు నేను చూడలేదు. ఆ మాట అనాల్సింది. "పన్నెండు పరుపులు నా చేతుల్తో కుట్టాను బావగారూ," అన్నాను. అది నిజమే. కానీ ఆయన అడిగింది అది కాదు. ఆయన తల ఊపి, వెళ్ళి సంతకం పెట్టారు.

ఆ తర్వాత ఇబ్రహీంపట్నం నుంచి, థర్మల్ కాలనీలో ఉండే ఒకాయన దిండ్ల కోసం వచ్చాడు. తమ కాలనీలో కూడా ఆ మీటింగు అయిందట. "పరుపు చూపించారండి, మెత్తగానే ఉంది, అంచుకి మాత్రం ఏదో నీలం అతుకు," అన్నాడు. ఆ మాటతో నా మనసు విరిగిపోయింది. నా పరుపులు అరకు ఎక్కలేదు. హాలు నుంచి హాలుకి తిరుగుతున్నాయి. ఇళ్ళుంటే పరుపులు ఇళ్ళల్లో ఉండాలి కదా. ఇళ్ళు లేవు. అలా నాలో నేను తీర్పు చెప్పేసుకున్నాను.

మరుసటి ఏడు బూరుగు కాయ పగిలింది. కొత్త దూది వచ్చింది. ఆ రెండు దిండ్లు కుట్టలేదు. లేని మంచం మీదకి దిండ్లెందుకు అనుకున్నాను.

1998 డిసెంబరులో బావగారు మా దుకాణానికి వచ్చారు. అక్కయ్యకి ఉన్ని శాలువా కొనడానికి బెజవాడ వచ్చారట. జనవరి పదకొండు నుంచి వాళ్ళ వారం అట. మొహం వెలిగిపోతోంది.

"వెళ్ళకండి బావగారూ," అన్నాను.

"ఏం?"

"అక్కడ ఇల్లు లేదు. చలిలో, తెలియని చోట, అక్కయ్యకి అసలే ఆయాసం. స్టేషన్లో దిగి ఎటు పోతారు?"

"లేదని నీకెవరు చెప్పారు?"

"నా పరుపే చెప్పింది." అతుకు సంగతి మొత్తం చెప్పాను.

ఆయన చాలాసేపు కూర్చున్నారు. టీ తెప్పిస్తే సగం తాగారు. ఏదో అడగబోయినట్టు రెండుసార్లు నోరు తెరిచి మళ్ళీ ఊరుకున్నారు. శాలువా కొనకుండానే పెడన బస్సెక్కారు.

2000లో క్లబ్బు ఆఫీసుకి తాళం పడింది. వెంకటకృష్ణారావు ఏ ఊరు వెళ్ళాడో ఎవరికీ తెలియదు. డబ్బు కట్టినవాళ్ళు వచ్చి తలుపు ముందు అరిచి వెళ్ళారు. అప్పుడు అందరూ నన్ను మెచ్చుకున్నారు. "కాశిం భాయి ముందే పసిగట్టాడు, గుడ్డ తడిమి మనిషి ఎలాంటివాడో చెబుతాడు," అనేవాళ్ళు. వినడానికి బాగానే ఉండేది. ఇంటికి వచ్చి ఒంటరిగా కూర్చుంటే మాత్రం ఒక ప్రశ్న వచ్చేది. క్లబ్బు మోసం చేసింది సరే. ఇల్లు లేదని నాకెలా తెలుసు?

బావగారు 2004లో గుండెపోటుతో పోయారు.

2006 ఫిబ్రవరిలో అక్కయ్య, పెడన నుంచి బట్టల మూటలతో వచ్చే వ్యానులో తన పాత పరుపు వేయించుకుని తనూ వచ్చింది. దూది గట్టిపడింది, మళ్ళీ ఏకి కుట్టమంది. సుగ్రా ఆవిడకి కుర్చీ వేసి, "రండి వదినగారూ," అని టీ పెట్టడానికి వెళ్ళింది. నేను దబ్బనం పక్కన పెట్టి బ్లేడుతో కుట్లు విప్పుతున్నాను. పాత పరుపులు విప్పితే అందులో ఏమైనా దొరుకుతుంది. నోట్లు, తాయెత్తులు, ఒకసారి ఎవరిదో పుస్తెల తాడు. పై గుడ్డకీ లోపలి గుడ్డకీ మధ్య ఒక కవరు తగిలింది. తలవైపు చిన్న చీలిక చేసి ఎవరో లోపలికి తోసి ఉంచారు.

కవరు మీద శీతలవనం ముద్ర ఉంది.

"ఓ, అదా," అంది అక్కయ్య. "మీ బావ దాచుకున్నారు. చింపనివ్వలేదు."

ఉత్తరం ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. నాకు తేదీలు మాత్రం అర్థమయ్యాయి. కింద ఖాళీలో ఎవరో గుమాస్తా పెన్నుతో తెలుగులో నాలుగు మాటలు రాశాడు. అవి చదివాను.

"చలి ఎక్కువ, దుప్పట్లు తెచ్చుకోండి. కట్టెలు, పాలు వాచ్‌మన్ మరియదాసు చూస్తాడు, స్టేషనుకి వస్తాడు. మూడో ఇంట్లో రెండు దిండ్లు తక్కువ ఉన్నాయి. వీలైతే ఒక దిండు వెంట తెచ్చుకోగలరు."

మళ్ళీ చదివాను. ఇల్లు లేనివాడు దిండ్లు లెక్కపెట్టడు. మంచాలు వేసి, పరుపులు పరిచి, ఒక్కో మంచం మీద రెండేసి దిండ్లు పెట్టుకుంటూ వెళ్ళినవాడికే చివర్లో రెండు తక్కువయ్యాయని తెలుస్తుంది. ఆ రెండూ నేను ఇవ్వనివి.

"ఇది బావగారు చదివారా అక్కయ్యా?"

"చదవకేం? ఆ ఉత్తరం పట్టుకుని వారం రోజులు తిరిగారు. శాలువా కొంటానని ఇక్కడికి వచ్చింది ఆ దిండు కోసమే. నీ దగ్గర ఒక దిండు అడిగి తీసుకోవాలని. నువ్వేమో ఇల్లే లేదన్నావు. లేని ఇంటికి దిండు అడిగితే నవ్వుతావని ఊరుకున్నారట. ఇంటికొచ్చి నాతో చెప్పి నవ్వారు." అక్కయ్య కూడా నవ్వింది. "వెళ్ళి చూసొద్దాం అన్నాను నేను. కాశిం లేదన్నాడంటే లేదే, వాడు అబద్ధం ఆడడు అన్నారు."

ఆయన అడగబోయి రెండుసార్లు ఆగింది దేనికో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి సుగ్రాకి చెప్పాను. ఆ రెండు దిండ్లు ఇచ్చేశాననే అనుకుంటోంది తను.

"డబ్బు ముందే తీసుకుని ఇస్తానన్నది ఇవ్వనివాళ్ళని ఏమంటారు?" అంది.

మళ్ళీ తనే, "క్లబ్బు అంటారు," అంది. తర్వాత, "కాయ ఎప్పుడు పగులుతుంది?" అని అడిగింది.

ఏప్రిల్లో బూరుగు దూది వచ్చింది. గింజ లేకుండా రెండుసార్లు ఏరాను. రెండు దిండ్లు కుట్టాను, వాటికీ ఏడేసి కుట్లు వేశాను. తర్వాత పెడన వెళ్ళి అక్కయ్య ముందు కూర్చుని జరిగింది మొత్తం చెప్పాను. "ఇప్పుడా ఇల్లుందో కూలిందో తెలియదు. మెంబర్షిప్పూ చెల్లదు. కానీ ఒకసారి చూడాలి అక్కయ్యా. సుగ్రా కూడా వస్తుంది."

అక్కయ్య కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ లేచి పెట్టె తెరిచి, మడత విప్పని చీర ఒకటి తీసింది. "అప్పుడు కట్టుకోవాలని కొన్నాను. రంగు పాతబడింది, ఫర్లేదు."

మే మొదటి వారంలో బయలుదేరాం. విశాఖపట్నంలో తెల్లవారుజామున దిగి అరకు పాసింజరు ఎక్కాం. రెండు దిండ్లకీ గలీబులు తొడిగి పెద్ద సంచిలో పెట్టి నా ఒళ్ళో ఉంచుకున్నాను. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతున్నారు. ఎదురు సీటులో ఒకాయన దిండు నొక్కి చూసి, "జత ఎంతకిస్తారు?" అని అడిగాడు. "ఇదివరకే అమ్మేశాడు, తొమ్మిదేళ్ళయింది," అంది సుగ్రా. ఆయనకి అర్థం కాలేదు.

దారి పొడుగునా నాకు అనుమానాలే. గుమాస్తా ఊరికే రాశాడేమో. మరియదాసు అన్న మనిషే లేడేమో. స్టేషన్లో జీపు డ్రైవర్ని శీతలవనం ఇళ్ళు తెలుసా అని అడిగితే ఆలోచించకుండానే "ఎక్కండి" అన్నాడు. అలా అన్నందుకు వాడినీ అనుమానించాను. అక్కయ్య మాత్రం ముందు సీట్లో కూర్చుని కొండల కేసి చూస్తోంది.

ఆరు కిలోమీటర్లు వెళ్ళాక, రోడ్డు దిగి మట్టిదారిలో, సిల్వరు ఓకు చెట్ల మధ్య నాలుగు ఇళ్ళు కనిపించాయి. రెండింటికి కప్పు లేదు. ఒకదాని నిండా కాఫీ గింజల గోతాలు. నాలుగోదాని వరండాలో ఒక ముసలాయన చేట పట్టుకుని మిరియాలు చెరుగుతున్నాడు.

"మరియదాసు గారంటే?"

"నేనేనండి. మీరెవరు?"

"విజయవాడ నుంచి."

ఆయన చేట కింద పెట్టాడు. "డబ్బుల కోసమైతే నా దగ్గరేం లేదండి. నాకే రెండేళ్ళ జీతం రావాలి. ఆ మేనేజరు బాబు ఎక్కడున్నాడో నాకూ తెలీదు. ఇదివరకొచ్చినవాళ్ళు చొక్కా పట్టుకున్నారు."

"డబ్బుల కోసం కాదండి. నేను పరుపులు కుట్టినవాడిని."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. నేను ఆయన్ని ఎంత అనుమానించానో ఆయనా నన్ను అంతే అనుమానించాడు. "ఎన్ని కుట్టావు?" అన్నాడు.

"పన్నెండు."

"ఇక్కడికి పదకొండే వచ్చాయి. పన్నెండో మంచం మీద బొంత పరిచాను."

"పన్నెండోది మీటింగుల్లో చూపించడానికి పట్టుకుపోయారండి. దానికి నీలం అతుకు ఉంటుంది."

"దిండ్లెన్ని?"

"ఇరవై రెండు."

అప్పుడు మెత్తబడ్డాడు. "మాదీ మీవైపేనయ్యా. ఇబ్రహీంపట్నం పక్కన. పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాం," అని లోపలికి పిలిచాడు. గదిలో మంచం, దాని మీద పరుపు. గుడ్డ మాసి చారలు సగం వెలిసిపోయాయి. మూల తడిమాను. ఏడు కుట్లు. ఒక్క పరుపుని ఊరూరా తిప్పితే, పన్నెండూ తిరుగుతున్నాయనుకున్నాను. మిగతా పదకొండు మీద ఎవరెవరో పడుకున్నారు, లేచారు. దూది అణిగిపోయి మధ్యలో మనిషి ఒడ్డూ పొడుగూ గుంట పడింది.

"తొంభై తొమ్మిది జనవరిలో పెడన నుంచి ఒక జంట రావాలి," అన్నాను. "గుర్తుందా?"

"గుర్తుండకేం? మూడు రోజులు స్టేషనుకెళ్ళాను. పాసింజరు వచ్చేదాకా ఆ చలిలో నిలబడ్డాను. ఆ వారమే అసలు గొడవ. ఒకే ఇంటికి ముగ్గురికి ఉత్తరాలిచ్చాడు ఆ మహానుభావుడు. మిగతా ఇద్దరూ ఇదే వరండాలో కొట్టుకున్నంత పని చేశారు."

"అయితే మేమొచ్చినా కొట్టుకోవాల్సిందేనా?" అంది అక్కయ్య.

"లేదమ్మా. ఆఫీసు నుంచి వచ్చిన చీటీలో మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళకే గది ఇమ్మన్నారు. మొదటి పేరు మీదే. మూడో నంబరు ఇల్లు." కప్పు లేని ఇళ్ళలో ఒకదాన్ని వేలితో చూపించాడు. "పోయిన గాలివానకి రేకులు లేచిపోయాయి. మంచం, పరుపు ఇక్కడ వేసుకున్నాం. ఇదే ఆ పరుపు."

క్లబ్బు మోసమే. ఇల్లు నిజమే. నేను చెప్పిన మాటలో సగం సరైంది, సగం కాదు. అబద్ధంలో సగానికి శిక్ష సగమే ఉంటుందా అని హజ్రత్‌ని అడగాలనుకున్నాను. మళ్ళీ ఏం చెబుతారో తెలిసి ఆ ఆలోచన మానుకున్నాను.

మరియదాసు భార్య అమలమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. ఆవిడ చేతిలో వంకాయలు చూడగానే అక్కయ్య కొంగు బిగించి లేచింది. "ఇలా తే అమ్మా, నేను తరుగుతాను."

"కూచోండమ్మా," అంది అమలమ్మ. "మీరు మెంబరు. మెంబర్లు వంటింట్లోకి రాకూడదు. అది క్లబ్బు రూలు."

అక్కయ్య అలాగే నిలబడిపోయింది. కొంగు వదిలేసింది. తర్వాత నెమ్మదిగా వెళ్ళి మంచం మీద కూర్చుంది.

నేను సంచిలోంచి రెండు దిండ్లూ తీశాను. మరియదాసు చేతికి ఇచ్చాను. "తొంభై ఏడులో ఇవ్వాల్సినవి. ఆలస్యమైంది."

ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండు తక్కువని రాయమని నేనే చెప్పానయ్యా ఆ గుమాస్తాకి. వచ్చేవాళ్ళు నన్ను దొంగంటారని." రెండూ తీసుకెళ్ళి మంచం తలవైపు పక్కపక్కన పెట్టాడు. "ఇరవై నాలుగు," అన్నాడు.

అక్కయ్య ఒక దాని మీద తల పెట్టి పడుకుంది. రెండోదాని మీద చెయ్యి వేసింది. దాని మీద ఎవరు పడుకోవాల్సిందో మేం ఎవరం అనలేదు. సుగ్రా కిటికీ రెక్క దగ్గరికి వేసింది. నేను మధ్యాహ్నం జొహర్ నమాజుకి వేళయిందని కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకోవడానికి బయటికి వెళ్ళాను. నీళ్ళు వేళ్ళు కొరికేంత చల్లగా ఉన్నాయి.

నమాజు ముగించి లేస్తుంటే లోపలి నుంచి అక్కయ్య గొంతు వినిపించింది.

"తమ్ముడూ, దిండు బాగా ఎత్తుగా ఉందయ్యా. మెడ నిలవడం లేదు."

"కొత్త బూరుగు దూది అక్కయ్యా. అలాగే ఉంటుంది. వారం రోజులు పడుకుంటే అణుగుతుంది."

"వారమేగా," అంది అక్కయ్య. "మా వారం వాడకుండా అలాగే ఉంది."

మరియదాసు నావైపు చూశాడు, నేను సుగ్రా వైపు చూశాను. సుగ్రా అప్పటికే మేం తెచ్చుకున్న బియ్యం మూట విప్పి అమలమ్మకి ఇస్తోంది.